మా ముగ్గురి ఒళ్లూ ఒకటే: ఒక ఏలూరు తివాచీ ఆత్మకథ

నేను ఏలూరు తివాచీని. పుట్టింది తంగెళ్లమూడిలో. పర్షియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ముస్లిం కుటుంబాలు ఈ నేతను వెంట తెచ్చాయని మా మగ్గాల దగ్గర తరతరాలుగా చెప్పుకుంటారు. నిలువు మగ్గం మీద నూలు పడుగు బిగించి, ఆ పోగులకు రంగు ఉన్ని ముడివేసి, కొస కోసి, వరస నిండాక పేక నడిపి, ఇనప దువ్వెనతో కొట్టి కిందికి దించుతారు. అలా ముడి మీద ముడిగా పెరిగాను. కత్తెరలతో ఎత్తు సమం చేశారు, కడిగి ఆరబెట్టారు. ఆ తర్వాత విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఇంటి హాల్లోకి చేరాను.

ఆ ఇంట్లో అమ్మమ్మ, ఆమె కూతురు, అల్లుడు, ఐదో తరగతి చదివే పాప ఉంటారు. వీళ్లతో పాటు చిట్టి. చిట్టి వీధిలో దొరికిన నాటు కుక్క.

ఇన్నేళ్లలో నేను తెలుసుకున్న పెద్ద సంగతి ముందే చెప్పేస్తాను. నా ఉన్ని, చిట్టి బొచ్చు, పాప జుట్టు, గోళ్లు, చర్మం పైపొర అన్నీ కెరాటిన్ జాతి మాంసకృత్తులతోనే తయారయ్యాయి. అందుకే నన్ను పాడుచేసేవి చాలావరకు వాళ్లనీ పాడుచేస్తాయి. పైగా చిట్టి నా మీద పొర్లుతుంది, పాప నా మీద పడుకుని బొమ్మలేస్తుంది. నా మీద చల్లినది ఏదైనా గంట తిరక్కుండా వాళ్ల ఒంటికి చేరుతుంది. కుక్కకు స్నానం, పాప చర్మానికి క్రీము, తివాచీకి శుభ్రం అని ఇంట్లోవాళ్లు మా బాగోగులను మూడు వేర్వేరు పనులుగా చూసినంతకాలం మా ముగ్గురికీ తిప్పలు తప్పలేదు.

చిట్టి వచ్చిన కొత్తలో ఒక రాత్రి నా మీద మూత్రం పోసింది. పొద్దున్నే చూసిన అమ్మాయి, అంటే పాప తల్లి, కంగారు పడి మరిగే నీళ్లు తెచ్చి పోసింది, బట్టల బ్రష్షుతో గట్టిగా రుద్దింది, వాసన పోలేదని బాత్రూముకు వాడే బ్లీచు చల్లింది. ఆ మూల నా ఉన్ని ఇప్పటికీ పచ్చబారి, పెళుసుగా ఉంది. క్లోరిన్ బ్లీచు నూలును తెల్లబరుస్తుంది, ఉన్నిని మాత్రం తినేస్తుంది. వేడినీళ్లూ రాపిడీ కలిస్తే ఉన్ని పోగుల మీది సన్నటి పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ముద్దకడతాయి. ఆ ముద్దను విడదీయడం నేతగాళ్ల వల్ల కూడా కాదు. అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది: నిలవున్న మూత్రంలోని అమ్మోనియాతో బ్లీచు కలిస్తే క్లోరమైన్లనే ఘాటు వాయువులు పుడతాయి. ఆ ఉదయం అమ్మాయి దగ్గుతూ బాల్కనీలోకి పరుగెత్తింది అందుకే.

దగ్గు విని అమ్మమ్మ లోపల్నుంచి వచ్చింది. "ఒసేయ్ అమ్మాయీ, పట్టుకీ ఉన్నికీ క్షారం తగలకూడదే! అది జంపఖానా కాదు, ఉతికి ఆరేయడానికి" అంది.

ఆమె మాట అక్షరాలా నిజం. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దుర్రీ, అంటే జంపఖానా, ఒకటి ఆ ఇంట్లోనే భోజనాల గదిలో ఉంది. అది నూలు. సోడానీళ్లకు తట్టుకుంటుంది, ఉతికినకొద్దీ మెత్తబడుతుంది. నాది జంతువు ఒంటి మీద పెరిగిన పోగు, క్షారానికి కరుగుతుంది. నేల మీద పరిచేవన్నీ ఒకటే అనుకుని శుభ్రం చేసేవాళ్లు ముందు తమ ఇంట్లో ఉన్నది ఏ పోగో తెలుసుకోవాలి.

మరైతే ఏం చేయాలి? తడి కనిపించగానే తెల్ల నూలుగుడ్డ మడతపెట్టి, అంచుల నుంచి మధ్యకు అద్దుతూ పీల్చేయాలి. రుద్దకూడదు. తర్వాత చన్నీళ్లు కొద్దిగా చిలకరించి మళ్లీ అద్దాలి. మూత్రం నిలవున్నకొద్దీ అందులోని యూరియా విరిగి అమ్మోనియా అవుతుంది, అంటే అదీ క్షారమే. కాబట్టి ఒక వంతు తెల్ల వినిగరుకు రెండు మూడు వంతుల నీళ్లు కలిపి తడిగుడ్డతో అద్దితే ఆ క్షారం విరుగుతుంది. ముందుగా ఒక మారుమూల చుక్క వేసి రంగు దిగుతుందేమో చూసుకోవాలి. పని అయ్యాక నా కింద గాలి ఆడేలా ఎత్తి పెట్టి, ఫ్యాను వేసి పూర్తిగా ఆరనివ్వాలి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా పైకి తడిగా అనిపించదు. అందువల్ల చేతికి పొడిగా తగలగానే ఆరిపోయానని నమ్మవద్దు. పెంపుడు జంతువుల మరకలకని అమ్మే ఎంజైము ద్రావణాలు నూలుకూ నైలానుకూ బాగా పనిచేస్తాయి. కానీ మాంసకృత్తులను విరగ్గొట్టే ప్రోటియేజ్ ఉన్న సీసా ఉన్నికి పనికిరాదు, అది మరకతో పాటు నన్నూ అరిగించుకుంటుంది. సీసా మీద ఉన్నికి వాడవచ్చని రాసి ఉంటేనే తెరవాలి.

ఫినాయిలు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన ఇళ్లలో అది లేనిదే నేల తుడిచినట్టు అనిపించదు. కుక్కలూ పిల్లులూ చెప్పుల్లేకుండా ఆ తడి మీద నడిచి, తర్వాత పాదాలు నాక్కుంటాయి. ఫినాలు జాతి రసాయనాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పిల్లి ఉన్న ఇంట్లో ఫినాయిలు అసలు వద్దు.

స్నానాల విషయంలోనూ ఇదే తప్పు జరిగేది. పాప సబ్బుతోనే చిట్టినీ వారానికి రెండు సార్లు తోమేవారు. చిట్టి రాత్రంతా నా మీద వీపు రాసుకునేది, పొట్టు రాలేది. మనిషి చర్మం కాస్త ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర. కుక్క చర్మం తటస్థానికి, అంటే 7కు దగ్గర. మామూలు సబ్బు బిళ్ల 9, 10 దాకా పోతుంది, ఇద్దరికీ ఎక్కువే. చర్మం పైపొర ఇటుకల గోడ లాంటిది. ఇటుకల మధ్య కొవ్వు గారలా ఉండి లోపలి తేమను ఆపుతుంది. సబ్బు ఆ గారను కడిగేస్తుంది. చిట్టి గోడ మనిషి గోడకంటే పల్చన కూడా. పశువైద్యుడు చూసి, కుక్కలకని చేసిన షాంపూ, అదీ నెలకోసారి మాత్రమే, మధ్యలో రోజూ దువ్వెన చాలన్నారు. దువ్విన బొచ్చు నా మీద రాలకుండా ఆ పని బాల్కనీలో చేస్తే నాకెంత హాయో!

పాపకు చలికాలంలో మోచేతులు, పిక్కలు తెల్లగా గీతలు పడేవి. అమ్మమ్మ వేడినీళ్లు తగ్గించి గోరువెచ్చనివి చేసింది, సబ్బు చంకలకూ పాదాలకూ పరిమితం చేసింది, ఒళ్లు తుడిచీ తుడవక ముందే, తేమ ఉండగానే కొబ్బరినూనె రాసింది. పెళ్లినాటి పట్టుచీరను, తలను, పచ్చబారిన నా మూలను ఆమె కుంకుడు రసంతోనే కడుగుతుంది. కుంకుడు నురుగు ఇస్తుంది కానీ క్షారం కాదు, కొద్దిగా ఆమ్లమే. ఆ పాత పద్ధతిలో ఎంత తెలివి ఉందో నా పోగులకు తెలుసు. చిట్టికి మాత్రం కుంకుడు వద్దు. అది కళ్లను మండిస్తుంది, నాకితే వాంతులవుతాయి. పాప తండ్రి సొరియాసిస్‌కు రాసుకునే కాల్సిపోట్రియాల్ ట్యూబు కూడా చిట్టికి అందకూడదు. కుక్క దాన్ని కొరికి తింటే రక్తంలో కాల్షియం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

సబ్బు గట్టిగా వాడి తీరాల్సిన సందర్భం ఒకటుంది. ఏ కుక్కో పిల్లో కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, ఆ గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. రేబిస్ వైరస్ చుట్టూ ఉండే కొవ్వుపొరను సబ్బు చెడగొడుతుంది. తర్వాత అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పసుపు, కారం, సున్నం పెట్టి కూర్చోకూడదు. 

చిమ్మటలకు వేసే కలరా ఉండలను అమ్మాయి మొదట నా కింద పరిచేది. నాఫ్తలీను ఉండ కుక్క మింగితే విషం, జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పసిపిల్లలకు దాని ఆవిరి కూడా రక్తకణాలను పగలగొట్టగలదు. చిమ్మట పిల్లపురుగు తినేది కెరాటిన్‌నే, అందులోనూ చెమట, మూత్రం అంటిన చోటును, కదలని చీకటిని ఇష్టపడుతుంది. సోఫా జరిపి, నా రెండు వైపులా వాక్యూమ్ పట్టి, ఎండలో తిరగేసి పరిస్తే దానికి చోటుండదు. నా మీద తిరిగే బ్రష్షు ఉన్న వాక్యూమ్ మాత్రం వద్దు, ముడులు లేస్తాయి. గోమార్లు కూడా అంతే: కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్లలో, నా అంచుల కింద ఉంటాయి. కుక్కకు మందు వేసిన రోజే ఇల్లు కూడా దులపాలి. కుక్కల మెడ మీద వేసే పర్మెత్రిన్ చుక్కలు పిల్లికి తగిలితే చచ్చిపోతుంది. ఆ జాగ్రత్త మా ఇంటికి త్వరలోనే అవసరమైంది.

మెట్ల కింద నుంచి పాప ఒక పిల్లికూనను ఎత్తుకొచ్చింది. దాని చెవి దగ్గర బొచ్చు గుండ్రంగా ఊడి ఉంది. కొన్నాళ్లకు పాప ముంజేతి మీద ఎర్రటి వలయం లేచింది, అంచు ఉబ్బి, మధ్య మామూలుగా. తామర. తామర తెచ్చే శిలీంధ్రానికి ఆహారం కెరాటినే. పిల్లి వెంట్రుక, పాప చర్మం, నా మీద రాలిన పొట్టు అన్నీ దానికి ఒకే వంటిల్లు.

మందుల షాపులో అడిగితే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది, దురద ఆగింది, అందరూ సంతోషించారు. అందులో బలమైన స్టిరాయిడు ఉంది. అది వాపును అణచి, చర్మపు కాపలాను నిద్రపుచ్చింది, శిలీంధ్రం ఆ నీడలో మోచేయి దాకా పాకింది. మన దేశంలో తామర మొండికేయడానికి ఈ ట్యూబులు ఒక పెద్ద కారణమని చర్మవైద్యులు ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నారు. 2018లో కేంద్రం ఇలాంటి స్టిరాయిడు పూతమందులను వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అయినా అడిగితే దొరుకుతున్నాయి. నాకు కోపం వచ్చే విషయం ఇదే. పసిపిల్ల చేయి పల్చబడి, నీలి నరాలు తేలేదాకా ఎవరూ ఆ ట్యూబు వెనక వైపు చదవలేదు.

చర్మవైద్యురాలు ఆ ట్యూబు ఆపించి, శిలీంధ్రానికి మాత్రమే పనిచేసే మందులు రాశారు. ఇంట్లో జంతువులున్నాయా అని అడిగి, పిల్లిని కూడా వైద్యుడికి చూపించమన్నారు. అక్కడ నీలి దీపం కింద పిల్లి వెంట్రుకలు లేత ఆకుపచ్చగా మెరిశాయి. చిట్టికి మచ్చలేమీ లేవు, అయినా దాన్నీ పరీక్షించారు. పిల్లిని ఒక గదిలో ఉంచి మందు మొదలుపెట్టారు.

ఇక నేను. రాలిన వెంట్రుకల మీద ఈ శిలీంధ్రపు సిద్ధబీజాలు ఏడాదికి పైగా బతికి ఉండగలవు. ఎండ ఒక్కటే వాటికి చాలదు, ఊడ్చి కడిగి బయటకు పంపాల్సిందే. నా రెండు వైపులా వాక్యూమ్ పట్టి, దుమ్ము సంచిని బయట పారేశారు. ఉన్నికి సరిపడే తేలికపాటి ద్రావణంతో రెండు సార్లు కడిగించారు, పూర్తిగా ఆరాక చుట్టి మేడ మీద గదిలో నిలబెట్టారు. పాప దుప్పట్లు, తువాళ్లు వేరుగా వేడినీళ్లలో ఉతికారు, నూలు కనుక తట్టుకున్నాయి. వలయాలు కనబడడం మానేశాక కూడా వైద్యురాలు చెప్పినన్నాళ్లూ మందు రాశారు. కంటికి కనిపించకపోయినంత మాత్రాన శిలీంధ్రం పోయినట్టు కాదని ఈసారి అందరికీ అర్థమైంది.

పిల్లికి వెంట్రుకల పరీక్ష మళ్లీ మళ్లీ చేయించి, శిలీంధ్రం లేదని తేలాకే దాన్ని హాల్లోకి వదిలారు, నన్నూ కిందికి దించి పరిచారు. ఇప్పుడది నా మీద గోళ్లు గీరుకోబోతే పాప ఎత్తి బాల్కనీలోకి తీసుకెళుతుంది. అక్కడ దానికోసం కొబ్బరితాడు చుట్టిన కర్ర ఒకటి నిలబెట్టారు.