ఇనప్పెట్టె

తెనాలిలో తాతయ్య బట్టల కొట్టు మూసేశాక ఆయన ఇనప్పెట్టె మా వసారాలోకి చేరింది. తాళంచెవి పోయిందని నాన్న అంటుండేవారు. నలభై దాటాక నాకు తాళాల పిచ్చి పట్టింది. పాతసామాన్ల కొట్లలో తుప్పు తాళాలు కొనుక్కొచ్చి, వంచిన ఉక్కు తీగలతో తెరవడం నేర్చుకున్నాను. నాలుగు లీవర్ల తాళం మొదటిసారి తెరుచుకున్న రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత నా చూపు ఇనప్పెట్టె మీద పడింది.

లీవర్ తాళం లోపల సన్నటి రేకులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, ఒక్కోదానికీ ఒక గాడి. తాళంచెవి తిరిగేటప్పుడు ప్రతి రేకూ తనకు తగినంత ఎత్తే లేవాలి. అప్పుడే గాడులన్నీ ఒక వరసకొచ్చి గడియకున్న బొడిపె వాటిలోకి దూరుతుంది. వెంట్రుకవాసి తగ్గినా హెచ్చినా గడియ కదలదు. 1818లో ఇంగ్లండులో జెరెమయా చబ్ దీనికి ఇంకో మెలిక పెట్టాడు. ఏ రేకునైనా మరీ పైకి ఎత్తితే ఒక స్ప్రింగు దాన్ని అక్కడే పట్టేస్తుంది. ఎవరో చెయ్యి పెట్టారని యజమానికి తెలిసిపోతుంది. 1851లో లండన్ మహాప్రదర్శన సమయంలో హాబ్స్ అనే అమెరికన్ ఆ తాళాన్నీ తెరిచాడు. బ్రామా అనే ఇంకో తాళం కోసమైతే 16 రోజుల్లో 51 గంటలు శ్రమపడ్డాడు. ఆ 51 గంటల సంగతి కనబడినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. నేను ఇనప్పెట్టె ముందు కూర్చున్నది మూడు సాయంత్రాలు.

మొదటి సాయంత్రమే లోపల టిక్కుమంది. రేకు దారికొచ్చిందని పొంగిపోయాను. ఆ తర్వాత ఏం చేసినా ఏదీ కదల్లేదు.

"బాపట్ల అత్తయ్యని ఒక్కసారి అడగరాదురా, కొట్లో మామయ్యగారి పక్కన కూర్చుని లెక్కలు రాసింది ఆవిడేగా" అంది అమ్మ. అడుగుతానన్నాను. అడగలేదు. ఈ మాట రాయడానికే ఇన్నాళ్ళూ తటపటాయించాను: తాళంచెవి దొరుకుతుందేమోనని భయపడ్డాను. అది దొరికితే ఇక నేను తెరవడానికి ఏముంటుంది?

సంక్రాంతికి చుట్టాలొచ్చారు. వాళ్ళముందు తెరవాలని డ్రిల్లు పెట్టాను. రెండు బిట్లు విరిగాయి. పైరేకు దాటాక, నిప్పు సోకకుండా లోపల కూరిన తెల్లపొడి నా మోకాళ్ళ మీదికి రాలింది. గడియ మాత్రం రాలేదు. గ్యాస్ కటింగ్ చేసే కుర్రాణ్ణి పిలిచాను. "లోపల కాగితాలుంటే పోతాయండీ" అని అతను ముందే చెప్పాడు. కానివ్వమన్నాను.

తలుపు తెరిస్తే పొగ. బంగారం లేదు, దస్తావేజులు లేవు. ఎర్రగుడ్డ అట్టల చిట్టా పుస్తకాలు, నిలువునా పేర్చినవి. నిప్పురవ్వలు పడ్డచోటల్లా కాగితం ఇంకా ఎర్రగా పాకుతూనే ఉంది. అరచేతులతో అదిమి ఆర్పాను. మిగిలిన పేజీల్లో రెండు దస్తూరీలున్నాయి. ఒకటి తాతయ్యది. రెండోది చిన్నపిల్లలు రాసేలాంటి గుండ్రటి అక్షరాలు.

పెట్టె తెరుస్తున్నామని అమ్మ ఫోన్లో చెప్పిందట. మర్నాడు కనుమ పూట అత్తయ్య బస్సు దిగి వచ్చింది. చేతిసంచిలోంచి, జేబురుమాల్లో చుట్టిన తాళంచెవి తీసింది.

"నా పెళ్ళినాడు నాన్న నా చేతిలో పెట్టాడురా. తర్వాత ఎవరూ అడగలేదు. మొరాయిస్తే ముందు ఎడమకు తిప్పాలి, అప్పుడు కుడికి" అంది.

చబ్ తాళానికి చిక్కు విడదీసే పద్ధతి అదే. పుస్తకంలో చదివాను. నాకు కాళ్ళలో సత్తువ పోయింది.

ఎనిమిదో తరగతితో ఆవిడ చదువు మాన్పించారని మాకందరికీ తెలుసు. ఆ తర్వాత మూడేళ్ళు తాతయ్య ఆవిడకు కొట్లోనే లెక్కలు నేర్పాడని అప్పుడే విన్నాను. గుండ్రటి అక్షరాలు ఆవిడవే.

"అత్తయ్యా, నాదే తప్పు" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. వసారా అరుగు మీద కూర్చుని కొంగుతో మసి తుడిచి, ఒక పేజీ ఒళ్ళో పెట్టుకుంది. పైన సగం అంకెలు కాలిపోయాయి. అడుగున మొత్తం ఉంది, పక్కన తాతయ్య ఎర్రసిరాతో పెట్టిన గీత ఉంది. మిగిలిన అంకెలను వేలితో కూడుకుంటూ, కాలినచోట ఏం ఉండాలో పైకి చెప్పుకుంటూ పోయింది.