మెరుపా, జిగురా?

పాత్రలు:
భక్తుడు: ఐఫోన్ కిస్తీలు పోయిన నెలలోనే తీర్చిన కుర్రాడు
పెదవివిరుపు: స్టీవ్ జాబ్స్ తర్వాత లోకంలో ఏదీ బాగుపడలేదని నమ్మే పెద్దాయన
వాటాదారు: చేతిలో ఫోన్ ఏదైనా, ఖాతాలో షేరు మాత్రం ఆపిల్‌దే ఉండాలనే మనిషి
మెకానిక్: అందరి ఫోన్లూ విప్పేవాడు

స్థలం: హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో ఒక సెల్‌ఫోన్ రిపేరు దుకాణం

భక్తుడు: (ఫోన్‌ని పసిబిడ్డలా అందిస్తూ) అన్నా, కిస్తీలూ అయిపోయాయి, బ్యాటరీ కూడా అయిపోయింది. కాస్త పదిలంగా చూడు.

పెదవివిరుపు: దానికింకా పదిలమెందుకు నాయనా? 2011 అక్టోబరు 5న జాబ్స్ పోయాడు, ఆయనతోపాటే అసలు మెరుపూ పోయింది. ఇప్పుడున్నది మైనం పూసిన ఆపిల్. బండి మీద చూడ్డానికే బాగుంటుంది.

భక్తుడు: జాబ్స్ ఉన్నప్పుడు మాత్రం తప్పుల్లేవా అంకుల్? 2010లో ఐఫోన్ 4ని ఒక తీరుగా పట్టుకుంటే సిగ్నల్ పడిపోయేది. అలా పట్టుకోవద్దన్నాడాయన. జనం పట్టు మార్చుకున్నారు గానీ ఫోన్ మార్చలేదు. భక్తంటే అదీ!

పెదవివిరుపు: 2007లో మొదటి ఐఫోన్ చూసి లోకం నోరెళ్లబెట్టింది. 2021లో అదే కంపెనీ తెరలు తుడుచుకునే గుడ్డ తెచ్చింది. మన దగ్గర 1,900 రూపాయలు. అప్పుడూ నోరెళ్లబెట్టాం, అది వేరే సంగతి.

భక్తుడు: మెరుపు తగ్గకూడదనే కదండీ గుడ్డ!

వాటాదారు: (ఫోన్‌లోంచి తలెత్తకుండా) మెరుపు తగ్గిందా? 2025 అక్టోబరులో కంపెనీ విలువ 4 లక్షల కోట్ల డాలర్లు దాటింది. ఇంతకంటే ఎక్కువ మెరిస్తే కళ్లు పోతాయి.

పెదవివిరుపు: మీరు షేరు గురించి చెబుతున్నారు, నేను సరుకు గురించి అడుగుతున్నాను. మీ సంగతులన్నీ ఎరిగి మసలుకునే కొత్త సిరి వస్తుందని 2024 జూన్‌లో చాటారు. టీవీలో ప్రకటనలూ వేశారు. 2025 మార్చి వచ్చేసరికి ఇంకా ఆలస్యమవుతుందన్నారు. శుభలేఖలు పంచేశాక ముహూర్తం వాయిదా వేస్తే పెళ్లివారు ఊరుకుంటారా?

వాటాదారు: ఎందుకు ఊరుకోరు? కట్నం ముందే ముట్టింది. ఫోన్లు అమ్ముడయ్యాయి కదా!

భక్తుడు: (చిన్నబుచ్చుకుని) ఆ సిరి కోసమే నేను ఐఫోన్ 16 కొన్నాను.

పెదవివిరుపు: పోనీ, తిరుగుబాటు సంగతి చూద్దాం. 1984లో మాకింతోష్ ప్రకటనలో ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి, తెర మీద శాసించే పెద్దాయన మీదికి సుత్తి విసిరింది. 40 ఏళ్లకు, 2024 మార్చిలో, స్మార్ట్‌ఫోన్ల బజారును గుప్పిట్లో పెట్టుకున్నారంటూ అమెరికా న్యాయశాఖ వీళ్ల మీదే దావా వేసింది. ఆ మేలోనే పియానోనీ ట్రంపెట్‌నీ రంగుడబ్బాలనూ ప్రెస్సు కింద నలిపేసి, ఇదే మా కొత్త ఐప్యాడ్ అని ప్రకటన చేసి, కళాకారులు తిట్టాక క్షమాపణ చెప్పారు. సుత్తి పట్టినవాళ్లే ప్రెస్సు ఎక్కారు.

భక్తుడు: అది గిట్టనివాళ్ల ప్రచారం! అన్నా, నువ్వు చెప్పు. రోజూ ఇన్ని ఫోన్లు విప్పుతావు. ఆపిల్ మెరుపు తగ్గిందా?

మెకానిక్: మెరుపు సంగతి నాకెరుక లేదన్నా. లాప్‌టాప్ మూత మీద ఆపిల్ బొమ్మ వెలుగుతుండె, యాదుందా? 2015 నుంచి ఒక్కో మోడల్‌కి తీసేసుకుంట వచ్చిన్రు. అప్పుడు సుత దానికి సొంత బల్బు లేకుండె. తెర ఎనక లైటే అండ్లకెల్లి కనపడేది. గంతే.

పెదవివిరుపు: చూశారా! అదీ అరువు వెలుగేనన్నమాట.

మెకానిక్: నాకెరుకైనది ఇంకొకటుంది సార్. జిగురు. తెర చుట్టూ జిగురే, బ్యాటరీ కిందా జిగురే. స్క్రూలు సుత వాళ్లవే, మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. బయటి బ్యాటరీ ఏసిననుకో, గుర్తు తెలియని భాగమని ఫోనే చాడీ చెప్తది.

వాటాదారు: (మొదటిసారి తలెత్తి) శభాష్! జిగురంటేనే వ్యాపారం. ఫొటోలు దాచే అద్దె, యాప్‌ల కమీషను, పాటల చందా అన్నీ కలిపి 2025 ఆర్థిక సంవత్సరంలో సేవల రాబడే 10 వేల కోట్ల డాలర్లు దాటింది. మెరుపు కోసం వచ్చేవాడు ఒకసారే కొంటాడు. జిగురుకి అంటుకున్నవాడు నెలనెలా కడతాడు.

పెదవివిరుపు: బాబూ, నిజం చెప్పు. రేపు వేరే కంపెనీ ఇంతకంటే మంచి ఫోన్ తెస్తే మారతావా?

భక్తుడు: ఎలా మారతానండీ? పదేళ్ల ఫొటోలు ఇందులోనే ఉన్నాయి. మా ఆవిడ వాచీ దీనికే కలుస్తుంది. అమెరికాలో అన్నయ్య వీడియోకాల్ చేసేదీ దీనికే. మారాలంటే ఇల్లు ఖాళీ చేసినంత పని!

పెదవివిరుపు: ఇంతసేపూ నువ్వు భక్తి అన్నది దీన్నేనా?

(భక్తుడు మాట్లాడడు. మెకానిక్ ఫోన్‌ని వేడిపలక మీద పెడతాడు.)

వాటాదారు: (గాబరాగా) ఏమయ్యా, ఆ జిగురు అసలు ఊడుతుందా?

మెకానిక్: వేడి తగిలితే ఊడుతది సార్. ఎంత వేడి కావాల్నో తెల్వనోళ్లే ఊడదని చెప్తరు. గంటాగి రండి.