ఎనిమిది సెకన్ల సవారీ, ఆరువేల ఏళ్ల వేట

కెనడాలో అల్బర్టా రాష్ట్రపు దక్షిణ భాగం చాలామటుకు ప్రెయిరీయే. చెట్టు కనబడితే దారి చెప్పడానికి గుర్తుగా వాడుకోవలసినంత బయలు గడ్డినేల. కౌబాయ్‌లనూ ఆదివాసుల సంస్కృతినీ ఒకే సెలవులో చూసేద్దామనుకునేవారు సాధారణంగా జులైలో కాల్గరీ స్టాంపీడ్‌తో మొదలుపెడతారు. పలుపుతాడు విన్యాసాల్లో ఆరితేరిన గై వీడిక్ అనే అమెరికన్ 1912లో ఈ వేడుకను తలపెట్టాడు. నలుగురు స్థానిక ఆసాములు తలా పాతికవేల డాలర్లకు పూచీపడ్డారు. 1923లో ఇది ఊరి ప్రదర్శనతో కలిసి, ఏటేటా జరిగే పండుగగా స్థిరపడింది.

స్టాంపీడ్ జరిగే పది రోజులూ కాల్గరీలో ఎవరు ఏ ఉద్యోగం చేస్తారో బట్టల్ని బట్టి చెప్పలేం. ఆవును ఎటువైపు నుంచి పితుకుతారో తెలియని గుమాస్తా కూడా బూట్లు, పెద్ద బిళ్ల బెల్టు తొడిగి ఆఫీసుకు వస్తాడు. పొద్దున్నే వీధుల్లో ఉచితంగా పాన్‌కేకులు పెడతారు. ఉచితం అన్నాక వరుస ఎంత పొడుగైనా ఎవరికీ కాళ్లు నొప్పి పుట్టవు. ఊరికి గుర్తుగా నిలిచిన తెల్లటోపీని 1950ల నుంచి విశిష్ట అతిథులకు బహూకరిస్తున్నారు. విశిష్టులు కానివారు కొనుక్కుంటారు. అది సూట్‌కేసులో పట్టదు, ఒత్తితే చదునైపోతుంది. కాబట్టి తిరుగు విమానంలోనూ యాత్రికుడు కౌబాయ్‌గానే కూర్చోవలసి వస్తుంది.

తెలుగు ప్రేక్షకులకు కౌబాయ్ అంటే 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణ గుర్రం, తుపాకీ. స్టాంపీడ్ మైదానంలో తుపాకీ యుద్ధాలుండవు. ఉండేది రోడియో, అంటే గుర్రాల, పశువుల మీద సవారీల పోటీ. అందులో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఆంబోతు సవారీ. ఒంటిచేత్తో తాడు పట్టుకుని ఎనిమిది సెకన్లు దాని వీపున నిలవాలి. రెండో చెయ్యి ఆంబోతుకు తగిలితే ఆట రద్దు. నూటికి వేసే మార్కుల్లో సగం రౌతుకు, సగం ఆంబోతు ఎగిరిన తీరుకు. సాధుజంతువు దొరికితే ఒళ్లు దక్కుతుంది, మార్కులు దక్కవు.

సినిమాల్లో కౌబాయ్, ఆదివాసి ఎదురెదురు పక్షాలు. ఇక్కడి చరిత్రలో లెక్క వేరు. ఆదివాసులు తమకు కేటాయించిన రిజర్వు ప్రాంతం దాటి బయటికి రావాలంటే సర్కారు ఉద్యోగి చీటీ రాసివ్వవలసిన రోజులవి. 1912లో అధికారులు అడ్డుచెప్పినా వీడిక్ పట్టుబట్టి ఆదివాసులను రప్పించాడు. ఆ ఏడు ఎందరినో కిందపడేసిన సైక్లోన్ అనే గుర్రాన్ని అణిచి ఛాంపియన్ అయినవాడు టామ్ త్రీ పర్సన్స్. అతడు కైనై జాతివాడు. బ్లాక్‌ఫుట్ సమాఖ్యలో సిక్సికా, పికానీలతో పాటు కైనై కూడా ఒక జాతి. మొదటి స్టాంపీడ్‌లో మెప్పు పొందిన కౌబాయ్ ఆదివాసే అన్నమాట. నేటికీ వేడుకలో ఆదివాసుల కుటుంబాలు టీపీ గుడారాలు వేస్తాయి. ‘ఇండియన్ విలేజ్’ అనే పాత పేరును 2018లో ‘ఎల్బో రివర్ క్యాంప్’గా మార్చారు. హైదరాబాదు నుంచి వచ్చిన అసలు ఇండియన్‌కు ఈ మార్పుతో కొంత అయోమయం తప్పింది.

తరువాతి మజిలీ ఫోర్ట్ మెక్లౌడ్ దగ్గరి హెడ్-స్మాష్డ్-ఇన్ బఫెలో జంప్. యునెస్కో 1981లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన స్థలమిది. గుర్రాలు రాకముందు ఇక్కడ కాలినడకనే బైసన్ అనే అడవిదున్నల వేట సాగేది. రాళ్ల కుప్పలతో దారికిరువైపులా బారులు తీర్చేవారు. తోడేలు తోలో, దూడ తోలో కప్పుకున్న వేటగాళ్లు మందను మెల్లగా ఆ దారిలోకి మళ్లించేవారు. చివర్లో వెనకనుంచి అదిలిస్తే మంద పరుగెత్తి, పది మీటర్ల కొండ అంచు మీది నుంచి పడేది. దాదాపు ఆరువేల ఏళ్లు ఇలా సాగిందనడానికి కింద పేరుకున్న ఎముకల పొరలే సాక్ష్యం. తల పగిలిన చోటు అనే ఆ పేరు మాత్రం బైసన్‌ది కాదు. వేటను కిందనుంచి దగ్గరగా చూద్దామని నిలబడి, మీదపడ్డ మంద కింద నలిగిన కుర్రవాడిదని బ్లాక్‌ఫుట్ కథ. కాబట్టి మంచి ఫొటో కోసం అంచుకు మరీ దగ్గరగా వెళ్లే పర్యాటకుణ్ణి హెచ్చరించడానికి వేరే బోర్డు అక్కర్లేదు.

వేటలో దొరికిన మాంసాన్ని ఎండబెట్టి, దంచి, కరిగించిన కొవ్వూ ఎండు బెర్రీలూ కలిపితే పెమికన్. ఆవకాయకు నూనె చేసే కాపలా దీనికి కొవ్వు చేస్తుంది. అందుకే నెలల తరబడి నిలవుంటుంది. కారం మాత్రం ఉండదు.

1880 నాటికి కెనడా మైదానాల్లో బైసన్ మందలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1877లో బ్లాక్‌ఫుట్ క్రాసింగ్ దగ్గర సర్కారుతో ఏడో ఒప్పందం కుదిరాక ఆదివాసులు రిజర్వులకు పరిమితమయ్యారు. ఖాళీ అయిన గడ్డినేల మీద పశువుల ఆసాములు దిగారు. 1882లో మొదలై, నేడు జాతీయ చారిత్రక స్థలంగా ఉన్న బార్ యు రాంచ్ ఆ కాలానిదే. దానికి మొదటి మందను తోలుకొచ్చినవారిలో జాన్ వేర్ అనే నల్లజాతి కౌబాయ్ ఉన్నాడు. సినిమాలు అతణ్ణీ మరిచిపోయాయి.

యాత్ర సవ్యంగా సాగాలంటే పాటించవలసినవి మూడు: ఆదివాసుల ఈకల తలపాగాను అడగకుండా ముట్టుకోకూడదు, వారి నాట్యకారుల ఫొటో అడిగి తీయాలి, కొత్త బూట్లను ప్రయాణానికి ముందే ఇంట్లో తొడిగి నడిచి చూసుకోవాలి. మొదటి రెండూ మర్యాద కోసం, మూడోది మడమల కోసం.