వాలు కొలిచే పైపుని నేను

నేను లెవెల్ పైపుని. వేలి లావు ఉండే ప్లాస్టిక్ గొట్టాన్ని. లోపలి నీళ్ళు బయటికి కనిపించడమే నా గొప్ప. విశాఖపట్నంలో ఇళ్ళు కట్టే ఒక మేస్త్రి సంచిలో తాపీ, తూకంగుండు, మూలమట్టాల పక్కన చుట్ట చుట్టుకుని ఉంటాను.

నాలో నీళ్ళు నింపి రెండు కొసలూ పైకెత్తి పట్టుకుంటే, మధ్యలో నేల ఎన్ని ఎగుడుదిగుళ్ళు పోయినా రెండువైపులా నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. లోపల గాలిబుడగ ఉండకూడదు, చూసేటప్పుడు కొసల మీద బొటనవేలు ఉండకూడదు. ఈ రెండూ పాటిస్తే చాలు. లేజర్ యంత్రాలు వచ్చినా చిన్న ఇళ్ళ పనికి మేస్త్రులు ఇంకా నన్నే తీస్తారు. గోడ అడ్డొచ్చినా మలుపు తిరిగి అవతలికి మట్టం మోసుకెళ్తాను.

నాకు బాగా తృప్తినిచ్చిన పని మా ఊరి ఆరిలోవలో కొండవాలు మీద కట్టిన ఇల్లు. స్థలం వీధి నుంచి వెనక్కి 40 అడుగులు. వెనక భాగం మిట్ట, వీధివైపు పల్లం. ఈశాన్యం పల్లంగా ఉంది కనుక వాస్తు కుదిరిందని ఇంటివారి అమ్మగారు సంతోషించారు. కొడుకేమో జేసీబీ పిలిచి ఒక్క పూటలో చదును చేయిద్దామన్నాడు. మేస్త్రి ఆపాడు. “ముందు వాలెంతో చూడనీయండి బాబూ, తవ్విన మట్టి మళ్ళీ కొండకి అతకదు” అని నన్ను సంచిలోంచి తీశాడు.

మనిషి చెయ్యెత్తినంత మేరకే నా కొలత. అంతకన్నా ఎక్కువ వాలుంటే అంచెలంచెలుగా దిగాలి. పై అంచున నీటిగీత నేలకు అడుగు ఎత్తున నిలిస్తే, స్థలం నడుమ మూడున్నర అడుగుల దగ్గర నిలిచింది. అంటే పై సగంలో రెండున్నర అడుగుల దిగుడు. అదే తీరున కింది సగం కొలిస్తే మూడున్నర వచ్చింది. మొత్తం ఆరడుగులు. మేస్త్రి ఆ అంకెలు సుద్దముక్కతో ఇటుక మీద రాసి ఇంటాయన ముందు పెట్టాడు.

వీధి మట్టానికి అంతా తవ్వేస్తే వెనక ఆరడుగుల నిలువు కోత పడుతుంది, పైనున్న పొరుగింటి పునాది కింద పట్టు పోతుంది. పై మట్టానికి అంతా పూడిస్తే వీధివైపు ఆరడుగుల మట్టిని ఒక్క గోడ ఆపాలి. గోడ ఎత్తు రెట్టింపైతే దాని మీద పడే తోపు నాలుగింతలవుతుంది. ఖర్చూ ప్రమాదమూ దానితోపాటే పెరుగుతాయి. అందుకని మేస్త్రి నడిమి మట్టం ఎంచుకున్నాడు. పైన రెండున్నర అడుగుల కోత, కింద మూడున్నర అడుగుల మెరక. తవ్విన మట్టి చాలావరకు అక్కడే సరిపోయింది.

ఇల్లు సగం కోత మీద, సగం మెరక మీద నిలబడితే మరో చిక్కుంది. కోసిన నేల గట్టిది, కదలదు. పోసిన మట్టి ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది. రెండూ కలిసే చోట గోడ నెర్రె ఇస్తుంది. అందుకే మెరకవైపు ఫుటింగులన్నీ పోసిన మట్టిని దాటి అసలు నేలలోకి దించారు. వాలు మీద పునాదికి భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 ఒక హద్దు పెట్టింది. ఫుటింగు అడుగు అంచు నుంచి అడ్డంగా కొలిస్తే, వాలు ముఖానికి మట్టినేలలో కనీసం 90 సెంటీమీటర్లు, రాతిలో 60 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఆ ఎడం కూడా మేస్త్రి టేపు పట్టి చూసుకున్నాడు. మెరకను ఆరంగుళాల పొరలుగా పోయించి, తడిపించి, ప్రతి పొరనూ దిమ్మిసతో కొట్టించాడు.

తవ్వుతుంటే ఎర్రటి మెత్తటి రాయి బయటపడింది. ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఉండే ఖోండలైట్ అది. శిథిలం కాకముందు గట్టిదే. వానకూ ఎండకూ శిథిలమైన కొద్దీ జిగటమట్టిగా మారుతుంది, నీళ్ళు తాగితే పట్టు వదులుతుంది. 2024 ఆగస్టు 31న కుండపోత వానలో విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ సంగతి మా మేస్త్రి మనసులో ఉంది. అందుకే ఇంటిగోడ లేవకముందే నీటిదారి కట్టించాడు.

స్థలం పై అంచున అడ్డంగా ఒక కాలువ తవ్వించి, కొండ మీంచి దిగే నీళ్ళను ఇంటికి తగలకుండా పక్కనుంచి వీధి డ్రెయినేజీలోకి మళ్ళించాడు. ఆ కాలువ ఎటు ఎంత వాలాలో కొలిచి చెప్పింది నేనే. వీధివైపు రిటైనింగ్ గోడ వెనక మట్టికి ముందు కంకర పొర పోసి, గోడలో వరుసగా నీరు కారే గొట్టాలు పెట్టించాడు. “ఇంత గట్టి గోడకి కన్నాలెందుకు మేస్త్రీ?” అని ఇంటాయన అడిగాడు. గోడ వెనక మీటరు ఎత్తున నీరు నిలిస్తే గోడ అడుగున చదరపు మీటరుకు టన్ను ఒత్తిడి పడుతుంది. మట్టి తోపు దానికి అదనం. నాలో రెండు కొసల నీళ్ళనూ సమానంగా నిలబెట్టే ఒత్తిడే అక్కడ గోడను తోస్తుంది. దారి ఇస్తే నీరు గోడ జోలికి పోదు.

సంక్రాంతి వెళ్ళాక మొదలైన మట్టిపని తొలకరికి ముందే ముగిసింది. కాలువా గోడా పూర్తయ్యాకే ఇటుకలు దిగాయి. వానలు పట్టాక చూడవచ్చిన ఇంటాయన, గోడ గొట్టాల్లోంచి నీళ్ళు ధారగా కారుతుంటే మేస్త్రి చేతులు పట్టుకున్నాడు.

వాలు స్థలం కొనేవారికి నేను మనసారా చెప్పేదొకటుంది. కుదిరితే ఒక వానాకాలం ఆ నేలను చూడండి. నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో గమనించండి. జేసీబీని పిలిచే ముందు నాలాంటి పైపుతో వాలు కొలిపించండి. కాలువకూ గోడకూ డబ్బు ముందే విడిగా తీసి ఉంచండి, ఆ డబ్బు టైల్సుకో రంగులకో మళ్ళనీయకండి. మీ నీళ్ళు కింది ఇంటి గోడ మీద పడకుండా కాలువలో కలిసేదాకా పునాది పని పూర్తయిందని అనుకోవద్దు.