చదవనివి: 1000+

ఆ అంకె మీద ఆసామికి కోపం ఇవాళ పుట్టింది కాదు గానీ, ఈ మధ్య మరీ ముదిరింది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఫీడ్ రీడరు తెరుస్తాడు. ఎడమ పక్క, అన్నిటికన్నా పైన, చదవనివి ఇన్ని అని బొద్దు అక్షరాల్లో ఉంటుంది. రాత్రి నిద్ర ఆపుకుని కూర్చుని కొన్ని తగ్గించి పడుకుంటే, తెల్లారేసరికి తగ్గించినదానికి మూడింతలు పెరిగి ఉంటుంది. ఆయన మొహం చూసి ఇల్లాలు, “ఏమిటండీ, మళ్ళీ పెరిగిందా?” అంటుంది. పాపం ఆవిడ అడిగేది బీపీ గురించి.

ఫీడ్ రీడరంటే ఏమిటో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళు అదృష్టవంతులు. నచ్చిన బ్లాగులన్నిటి చిరునామాలూ దానికిస్తే, ఎక్కడ కొత్త టపా పడినా తెచ్చి ఒకచోట పెడుతుంది. ఎవరి బ్లాగు దగ్గరికీ మనం వెళ్ళి తొంగిచూడక్కర్లేదు. శ్రమ తగ్గించే సాధనమని చెప్పి ఎవరో అంటగట్టారు.

చిక్కెక్కడ వచ్చిందంటే, ఆసామికి నిజంగా ఇష్టమైన బ్లాగర్లు నెలకో టపా రాస్తే గొప్ప. ఒకాయన వానాకాలంలోనే రాస్తాడు. ఒకావిడ పిల్లల పరీక్షలయ్యాక రాస్తుంది. వీళ్ళతోపాటు, పోనీలే లోకం సంగతులు కూడా తెలుస్తాయి కదా అని, ఎప్పుడో ఒక వార్తల సైటు కూడా చేర్చాడు. అది రోజంతా ఆగదు. ఫలానా సినిమా ట్రైలరు విడుదల తేదీని ఏ తేదీన ప్రకటిస్తారో చెప్పడం దానికో వార్త. ఆ తేదీన ప్రకటించలేదనేది ఇంకో వార్త. రీడరు లెక్కలో అన్నీ సమానమే. రెండు నెలలు ఆలోచించి, నాలుగు పుస్తకాలు తిరగేసి రాసిన వ్యాసమూ ఒకటే, బంగారం పది రూపాయలు తగ్గిందన్న కబురూ ఒకటే.

ఆ సైటు తీసిపారేయవచ్చుగా అని అడగవచ్చు. తీసిపారేయవచ్చు. కానీ ముఖ్యమైందేదైనా తప్పిపోతే?

ఈ విషయంలో గూగుల్ రీడరుకి కాస్త మర్యాద తెలిసి ఉండేది. 2005 అక్టోబరులో మొదలైన ఆ రీడరు, చదవనివి వెయ్యి చేరేసరికి లెక్కపెట్టడం మానేసి ‘1000+’ అని రాసి ఊరుకునేది. వెయ్యి బాకీ ఉన్నవాడూ, నలభై వేలు బాకీ ఉన్నవాడూ అక్కడ పక్కపక్కన కూర్చోవచ్చు. పైగా, అన్నీ చదివేసినట్టు గుర్తుపెట్టే బటన్ ఒకటి ఇచ్చింది. రోజు దాటినవి, వారం దాటినవి, రెండు వారాలు దాటినవి అని విడివిడిగా వదిలించుకునే వీలు కూడా ఉండేది. ఒక్క నొక్కుతో సున్నా.

ఆసామి ఆ బటన్ ఏనాడూ నొక్కలేదు. నొక్కలేడు. అది వంశంలో లేదు.

ఆయన తల్లిగారు వారపత్రిక రాగానే ముందు పిన్నులు ఊడదీసేవారు. సీరియల్ పేజీలు వేరుచేసి ట్రంకు పెట్టెలో దాచి, ముగింపు వచ్చాక బైండు చేయించేవారు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో జరిగిన పనే ఇది. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చే రోజుల్లో చించుకోని ఇల్లు లేదంటే కొంచెం అతిశయోక్తే గానీ పూర్తి అబద్ధం కాదు. అయితే చించడం అంత తేలిక కాదు. పేజీకి రెండు వైపులుంటాయి. సీరియల్ వెనకవైపు వంటల శీర్షిక పడిన వారం పిన్నిగారితో తగువు తప్పేది కాదు. గుత్తొంకాయ కావాలా, కథానాయిక కావాలా అని ఇంటిల్లిపాదీ రెండు జట్లయిపోయేవారు. చివరికి పిన్నిగారు కూర విధానాన్ని చీటీ మీద ఎక్కించుకుని, కారం దగ్గర తొందరలో ఒక సున్నా ఎక్కువ వేశారు. అది వేరే కథ.

బైండరు సంగతి ఇంకో కథ. అంచులు సమంగా ఉండాలని ఆయన పట్టుదల. ఆ పట్టుదల కింద ప్రతి వరసలోనూ చివరి అక్షరం తెగిపోయేది. తెగిన అక్షరాన్ని ఊహించుకుంటూ చదవడం ఆ ఇంటి పిల్లలకి అలవాటైపోయింది. పెద్దయ్యాక ఆ విద్య మందుల చీటీలు చదవడానికి పనికొచ్చింది. ఇవన్నీ దాటుకుని వచ్చినా, ఏ బైండు తీసినా ఒక భాగం ఉండదు. ఒక నవలలో పదమూడో భాగం లేదు. పన్నెండులో నాయకుడు నాయిక మొహం చూడడు, పద్నాలుగులో శుభలేఖలు పంచుతూ ఉంటాడు. మధ్యలో ఏం జరిగిందో తెలిసిన ఒకే ఒక్క మనిషి, ఆ భాగం చదివి ఇస్తానని పట్టుకెళ్ళిన పక్కింటావిడ. ఆవిడ భర్తకి ఖమ్మం బదిలీ అయింది. ఆసామి తల్లిగారు ఉత్తరం రాశారు. జవాబు వచ్చింది. అందులో క్షేమసమాచారాలున్నాయి, అక్కడి నీళ్ళ గురించి ఫిర్యాదులున్నాయి, ఆవకాయ కొలతలున్నాయి, పదమూడో భాగం లేదు. ఆ తర్వాత మేనత్త తానే ఒక పదమూడో భాగం అల్లి చెప్పేది. అసలుది అంతకన్నా బాగుండి ఉండదని ఆసామి నేటికీ నమ్ముతాడు.

అలాంటి ఇంట్లో పుట్టినవాడి చేత చదవనిదాన్ని చదివానని ఒప్పించాలంటే గూగుల్ తరం కాదు.

చదువుదామని కూర్చున్నా సాగనిస్తారా? బ్లాగులు రాసుకునే బ్లాగరు సైటులో ఫీడుని పూర్తిగా పంపాలా, కొంతే పంపాలా అని ఒక సెట్టింగుంది. చాలామందికి రెండోది ఇష్టం. రీడర్లో టపా తెరిస్తే, “మా ఊరి చెరువుగట్టు మీద ఆ సాయంత్రం జరిగింది నేనెవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళకి ఇప్పుడు...” అని మూడు చుక్కలు. మిగతాది కావాలంటే బ్లాగుకే వెళ్ళాలి. వెళితే నల్లటి నేల మీద పసుపుపచ్చ అక్షరాలు, పైనుంచి రాలే పువ్వులు, ఎక్కడినుంచి వస్తోందో తెలియని సన్నాయి. ఆ సన్నాయి కట్టేసే మీట వెతికేలోపు చెరువుగట్టు మీద జరగాల్సింది జరిగిపోతుంది. ఇంకో ఆయన ఏ ఆదివారమో తీరిక చిక్కి పాత టపాలకి వర్గాలు సరిదిద్దుకుంటాడు. కొన్ని రీడర్లు ఆ పాతవన్నిటినీ కొత్తవనుకుని మళ్ళీ మోసుకొస్తాయి. 2009 నాటి సంక్రాంతి శుభాకాంక్షలు నడివేసవిలో వచ్చి వాలేది అందుకే.

ఈ సరుకంతా మోసుకొచ్చే ఆర్ఎస్ఎస్ పుట్టింది 1999 మార్చిలో, నెట్‌స్కేప్ కంపెనీలో. పుట్టించినవాళ్ళలో డాన్ లిబీతోపాటు రామనాథన్ గుహ ఒకడు. గుహ చదివింది ఐఐటీ మద్రాసులో. ఈ బాకీలో మనవాళ్ళ చెయ్యి కూడా ఉందని తెలిసినప్పుడు ఆసామికి గర్వమూ వచ్చింది, ఒళ్ళూ మండింది. గూగుల్ తన రీడరుని మూసేస్తున్నట్టు చెప్పింది 2013 మార్చి 13న. అదే రోజు వాటికన్‌లో కొత్త పోప్‌ని ఎన్నుకున్నారు. లోకమంతా పొగగొట్టం వైపు చూస్తుంటే ఇక్కడ చావుకబురు చల్లగా చెప్పేశారు. వాడేవాళ్ళు తగ్గిపోయారన్నది గూగుల్ చూపిన కారణం. ఆ తగ్గిపోయినవాళ్ళలో లక్ష మందికి పైగా ఆపొద్దంటూ ఇంటర్నెట్‌లో సంతకాలు పెట్టారు. రెండు రోజుల్లో ఐదు లక్షల మంది ఫీడ్లీ అనే ఇంకో రీడరుకి వలస వెళ్ళారని ఆ కంపెనీ చెప్పుకుంది. జూలై 1న రీడరు ఆగిపోయింది. ఆసామి తన బ్లాగుల జాబితాని ఒక ఫైలులో మూటకట్టుకుని ఆ మందలోనే కొత్త గూటికి చేరాడు. చదివినవన్నీ పాతచోటే పోయాయి, చదవాల్సినవి మాత్రం వెంట వచ్చాయి.

తెలుగు బ్లాగులు జోరుగా ఉన్న రోజుల్లో సొంత రీడరు లేకపోయినా గడిచేది. కూడలి, జల్లెడ, హారం, మాలిక అని సంకలినులుండేవి. వాటిలో ఏది తెరిచినా ఆ పూట తెలుగులో ఎవరేం రాశారో ఒక్క పేజీలో కనబడేది. అమెరికాలో పడుకోబోయే ముందు రాసింది ఇక్కడ కాఫీ వేళకి పైవరసలో ఉండేది. కొత్తది వస్తే పాతది కిందికి జారేది. జారిందంటే జారిందే. నువ్వు చదవలేదని ఎవరూ నిలదీసేవారు కాదు.

ఇప్పుడు ఆ సందడి లేదు. కొందరు ఫేస్‌బుక్కుకి వెళ్ళారు, కొందరు ఎక్కడికీ వెళ్ళకుండానే మానేశారు. ఆసామి జాబితాలో సగానికి సగం ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ లేనివి. రీడరుకి అది పట్టదు. ఠంచనుగా ప్రతి బ్లాగు దగ్గరికీ వెళ్ళి కొత్తదేమైనా ఉందా అని అడుగుతుంది. అటునుంచి సర్వరు 304 అని జవాబిస్తుంది. నువ్వు చూసి వెళ్ళాక మార్పేమీ లేదని దానర్థం. మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ 304.

వాటిలో ఒక పెద్దాయన బ్లాగుంది. కృష్ణాతీరంలో తన చిన్ననాటి బడి గురించి వరసగా రాసుకొచ్చాడు. మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గాక మిగతాది రాస్తానని చెప్పి, కింద సశేషం అని పెట్టాడు. ఆసామి ఎదురుచూశాడు. చాలా కాలానికి, ఏదో వాక్యం గుర్తొచ్చి, రీడరు పక్కనపెట్టి నేరుగా ఆ బ్లాగుకే వెళ్ళాడు. చివరి టపా కింద ఆయన కూతురు రాసిన వ్యాఖ్య ఉంది. నాన్నగారు పోయిన నెల కాలం చేశారని, ఇన్నాళ్ళు చదివిన అందరికీ నమస్కారమని. ఆ వ్యాఖ్య అక్కడ పడి అప్పటికే రెండేళ్ళు దాటింది. వ్యాఖ్యల ఫీడు వేరు, టపాల ఫీడు వేరు. ఆసామి చేర్చుకున్నది టపాలదే. ట్రైలరు తేదీలు ఒక్కటి కూడా తప్పిపోనివ్వని రీడరు, ఇది మాత్రం చెప్పలేదు. చెప్పమని దాన్ని ఎవరూ అడగలేదు కూడా.

ఆ బ్లాగు ఇంకా జాబితాలోనే ఉంది. ఉచిత ఖాతాకి పరిమితి ఉంటుంది కాబట్టి, కొత్తది చేర్చాలంటే పాతదొకటి తీసెయ్యాలి. ఆసామి కొత్తవి చేర్చడం మానేశాడు.

మొన్న మేనల్లుడు వచ్చాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అలాగే ఉంచుకుని తెర వైపు చూసి, “మావయ్యా, ఆర్ఎస్ఎస్ చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో తెలుసా?” అన్నాడు.

“అలాగా. నువ్వేం వింటున్నావురా?”

“పాడ్‌కాస్టు.”

ఆసామి ఇలాంటి ముహూర్తం కోసమే బతుకుతున్నాడు. పాడ్‌కాస్టులో కొత్త భాగం ఫోనుకి ఎలా తెలుస్తుందో, ఆ ఫీడు ఈ ఫీడు ఒకటే ఎలా అవుతాయో, 2005 జూన్‌లో ఐట్యూన్స్‌లోకి పాడ్‌కాస్టులు వచ్చింది దేని భుజాల మీదో మొదలుపెట్టి, టిఫిను చల్లారిపోయేదాకా చెప్పాడు. కుర్రాడు మర్యాదస్తుడు, మధ్యలో లేవలేదు. ఆసామి వాడి ఫోను తీసుకుని చూస్తే, విననివి వందల్లో ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది.

“ఇవన్నీ ఎప్పుడు వింటావురా?”

“ఒకటిన్నర రెట్లు స్పీడు పెట్టేస్తాను మావయ్యా.”

“అప్పటికీ మిగిలితే?”

“డిలీట్ కొట్టేస్తాను.”

ఆ రాత్రి ఆసామి చెల్లెలికి ఫోన్ చేసి, పిల్లాడు ఒంట్లో బాగానే ఉన్నాడా అని అడిగాడు. అటక మీదున్న అమ్మ బైండు పుస్తకాల జోలికి వాణ్ణి రానివ్వద్దని మరీ మరీ చెప్పాడు.