ఆ పిల్ల ఏమైందో చెప్పించండి

కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి అధ్యక్షుల వారి దివ్యసముఖానికి, ముంబయి.

రాజమండ్రి నుంచి ఒక గృహిణి నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. ఏడాది పొడుగునా వచ్చిన సినిమాలన్నీ మొదటి నుంచి చివరి దాకా చూసి కూడా క్షేమంగా ఉన్నారంటే అది పూర్వజన్మ సుకృతం. డబ్బులిచ్చి అప్పుడో ఇప్పుడో ఒకటి చూస్తేనే మాకు మర్నాడు పొద్దున్న తల పైకి లేవడం లేదు. జనం కళ్లకు ఏది పడాలో, చెవులకు ఏది పడకూడదో అహోరాత్రాలు ఆలోచించే తమ ఓపికకు, తమ కత్తెరకు, బూతుమాట దగ్గర ఠక్కున ఆగిపోయే ఆ నిశ్శబ్దానికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. ఆ నిశ్శబ్దంలో హీరో ఏమన్నాడో మా అబ్బాయి పక్కనుంచి ఎలాగూ చెబుతాడు, అది వేరే సంగతి.

మొన్న శనివారం మా అత్తగారిని సినిమాకు తీసుకెళ్లాం. సినిమా పేరు రాయను. రాస్తే ఆ హీరోగారి అభిమానులు మా అబ్బాయి ఫోన్లో దూరి నా వంశాన్ని ఉద్ధరిస్తారు. పోస్టరు మీద ఎక్కడా మొదటి భాగం అని లేదు. టికెట్టు మీద లేదు. తమరిచ్చిన సర్టిఫికెట్టు తెర మీద పడ్డప్పుడు కళ్లజోడు పెట్టుకుని మరీ చదివాను. భాష ఉంది, నిడివి ఉంది, ఎన్నేళ్ల లోపు పిల్లల్ని పెద్దలు కనిపెట్టుకుని చూడాలో ఉంది. బానే ఉంది కదా అని కూర్చున్నాం.

పావుగంటకే హీరో చెల్లెలి కూతుర్ని, మూడేళ్ల పసిదాన్ని, విలన్ పడవలో ఎత్తుకుపోయాడు. మా అత్తగారు పైట చెంగు నోటికడ్డం పెట్టుకున్నారు. అక్కణ్నుంచి ఆవిడకు పాటలు పట్టలేదు, ఫైట్లు పట్టలేదు, హీరో ఉట్టినే నడుస్తుంటే హాలంతా ఎందుకు ఈలలేస్తోందో పట్టలేదు. "పిల్లేదే అమ్మాయ్?" ఇదొక్కటే. వస్తుంది అత్తయ్యగారూ, ఇంటర్వెల్లుకి వచ్చేస్తుంది అన్నాను. ఇంటర్వెల్లయింది. ఐటమ్ పాటొచ్చింది. పిల్ల రాలేదు. క్లైమాక్సులో తెస్తాడు, తేకపోతే హీరో ఎలా అవుతాడు అన్నాను. అక్కడికి మూడు గంటలు కావస్తోంది. హీరో ఒడ్డున ఇసకలోంచి పిల్ల కాలి పట్టీ ఒకటి ఏరుకుని, గుప్పిట బిగించి, మావైపు తిరిగి కళ్లెర్ర చేశాడు. తెర నల్లబడింది. రెండో భాగం పేరు నిప్పులు కక్కుకుంటూ ఇంగ్లీషులో పడింది. లైట్లు వేసేశారు.

పిల్లేదయ్యా?

మర్యాదగా రాద్దామనే కూర్చున్నాను, మా మావగారి దగ్గర నేర్చుకున్న ఉత్తరాల భాషంతా బయటికి తీసి. కానీ నా వల్ల కావడం లేదు. తెర మీద ఎవడైనా సిగరెట్టు ముట్టిస్తే కింద హెచ్చరిక వేయిస్తారు. గుర్రం నాలుగడుగులు పరిగెడితే ఏ జంతువుకూ హాని జరగలేదని ముందే ప్రమాణం చేయిస్తారు. మూడేళ్ల పిల్ల పడవెక్కి వెళ్లిపోతే, అది మళ్లీ రావడానికి మూడేళ్లు పట్టొచ్చని ముందుగా ఒక్క ముక్క చెప్పించే నాథుడు లేడా? కిలో కందిపప్పు అని ముప్పాతిక కిలో పొట్లం కట్టిస్తే తూనికలూ కొలతల శాఖ వాళ్లొచ్చి కాటా ఎత్తుకుపోతారు. సినిమాకు ఆ శాఖ లేదా?

తప్పు తమదని అనడం లేదు. తమరు లెక్కలు తెలిసిన వారు. 2024లో కొత్త నిబంధనలు వచ్చాక యూఏ అనే ఒక్క ముద్రను 7 ఏళ్లు, 13 ఏళ్లు, 16 ఏళ్లు అని మూడు చేశారు. ఏ వయసు కుర్రాడు ఎంత నెత్తురు చూడొచ్చో అంత సన్నంగా కొలవగలిగిన వారికి కథ అయిందో కాలేదో కనిపెట్టడం ఒక లెక్కా? నాలుగో ముద్ర ఒకటి కొట్టించండి: 'కథ మిగిలి ఉంది'. అంతే. పెద్దక్షరాల్లో, పోస్టరు మీద హీరో గారి గడ్డం కింద. చూసేవాళ్లు చూస్తారు, మానేవాళ్లు మానతారు.

ఈ జాడ్యం ఎక్కణ్నుంచి అంటుకుందో తమకు తెలియనిది కాదు. 2015 జులైలో బాహుబలిని కట్టప్ప వెనకనుంచి పొడిచాడు. ఎందుకు పొడిచాడో చెప్పడానికి 2017 ఏప్రిల్ దాకా ఆగారు. ఆగాం మేమూ. ఆగినందుకు ఫలం దక్కింది, కాదనను. కానీ ఆ సినిమా నుంచి మనవాళ్లు నేర్చుకున్నది ఏమిటయ్యా అంటే, ఆ పొడవడం ఒక్కటే. 'దేవర'లో కొడుకే తండ్రిని చంపాడన్న దగ్గర ఆపేశారు, 2024 సెప్టెంబరులో. వెనకనుంచి కత్తి అనగానే హాల్లో సగం మంది "కట్టప్పా" అని అరిచారంటే ఆశ్చర్యమేముంది? 'సలార్' 2023 డిసెంబరులో ప్రాణస్నేహితులిద్దరూ శత్రువులు ఎలా అయ్యారో చెబుతానని మొదలుపెట్టి, ఎవరు ఏ తెగవాడో వంశవృక్షం అప్పజెప్పేసరికి బొమ్మ అయిపోయింది. 'హరిహర వీరమల్లు' కోహినూరు తెస్తానని బయల్దేరి, ఔరంగజేబు ఎదురుపడేదాకా వచ్చి ఆగిపోయాడు. కోహినూరు ఇంకా ఢిల్లీలోనే ఉంది.

'కల్కి' సంగతి మరీ కష్టం. సుమతి గర్భాన భగవంతుడున్నాడన్నారు. 2024 జూన్ నుంచి ఆ గర్భం అలాగే ఉంది. ఆ వేషం కట్టిన దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండరని 2025 సెప్టెంబరులో ఆ సినిమా తీసిన సంస్థే ప్రకటించింది. ఇప్పుడు లోపలి బిడ్డ సంగతేమిటి? అమ్మ మారితే అదే బిడ్డ అవుతాడా? మా అత్తగారికి ఈ వార్త ఇంకా చెప్పలేదు.

'పుష్ప' సరేసరి. మొదటి భాగం 2021లో, రెండోది 2024లో. రెండోదైనా ముగింపు అనుకుని వెళ్తే మూడు గంటల ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, చివర్లో బాంబు పేల్చి, మూడో భాగం పేరు చూపించారు. నెలన్నర తిరక్కుండా ఇంకో ఇరవై నిమిషాలు కలిపి మళ్లీ వేశారు. కలిపినా కథ అవలేదు! అల్లు అర్జున్ జాతర పాట దగ్గర నాకూ రోమాలు నిక్కబొడుచుకున్నాయి, అబద్ధమెందుకు. కానీ రోమాలు నిక్కబొడిపించి ఇంటికి పంపేయడం కథ చెప్పడం కాదు గదా.

కథ పెద్దది, ఒక్క సినిమాలో ఇమడదు అంటారు. ఎంత పెద్దది? మహాభారతం కంటేనా? 1977లో ఎన్టీ రామారావు గారు 'దాన వీర శూర కర్ణ' తీశారు. దర్శకత్వం తనదే, కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ మూడు వేషాలూ తనవే. పుట్టిన బిడ్డను గంగలో విడిచిన దగ్గర్నుంచి కురుక్షేత్రం దాకా అంతా ఒక్క బొమ్మలోనే. నిడివి నాలుగు గంటలకు కాస్త తక్కువ. చద్దన్నం మూట కట్టుకుని వెళ్లి చూశామని మా అత్తగారు ఇప్పటికీ చెబుతారు. అక్కడా పసిబిడ్డ నీళ్లలో కొట్టుకుపోయాడు, కానీ ఆ బిడ్డ ఏమయ్యాడో అదే టికెట్టు మీద చెప్పి పంపించారు.

పోనీ అది పాత కాలం అనుకుందాం. 2025 అక్టోబరు ఆఖర్న బాహుబలి రెండు భాగాలూ కోసి, కుట్టి, ఒకే సినిమాగా వదిలారు కదా, మూడుముప్పావు గంటల్లో. పొడిచిందీ అందులోనే, ఎందుకు పొడిచాడో అందులోనే. పదేళ్ల తర్వాత! ఒక్క సినిమా అవుతుందని వాళ్లే ఒప్పుకున్నట్టా కాదా? మొన్న శనివారం మమ్మల్ని ముంచినవాళ్లకు ఆ ప్రింటు ఒకసారి వేసి చూపించండి. రెండుగా చెప్పాలంటే చెప్పే పద్ధతీ ఒకటుంది. మణిరత్నం గారు 'పొన్నియిన్ సెల్వన్' రెండు భాగాలూ తీసిపెట్టుకుని, ఏడు నెలల తేడాతో విడుదల చేశారు. మాట చెప్పారు, నిలబెట్టుకున్నారు. ఆ పేర్లన్నీ నోరు తిరిగి, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసేసరికి రెండో భాగమూ వచ్చేసింది, మంచిదే.

టికెట్టు రేట్ల మాట తమ పరిధి కాదనుకోండి. అయినా చెబుతాను. పెద్ద హీరో సినిమా అనగానే సర్కారు వారు జీవో ఇచ్చేస్తారు. 'ఓజీ' బెనిఫిట్ షోకి టికెట్టు వెయ్యి రూపాయలు అన్నారు మా ఆంధ్రలో. కథకు సగం అంటూ ఉన్నప్పుడు బస్సులో పిల్లలకిచ్చే అర టికెట్టు మాకెందుకివ్వరు? బెంగళూరులో ఒకాయన సినిమాకు ముందు ప్రకటనలతో పాతిక నిమిషాలు తినేశారని వినియోగదారుల కోర్టుకెక్కితే పరిహారం ఇప్పించారు. దాని మీద హైకోర్టు స్టే ఇచ్చిందనుకోండి. ఆ పాతిక నిమిషాల ప్రకటనల్లోనైనా పళ్లపొడి మొదలుపెడితే పళ్లు తెల్లబడేదాకా చూపిస్తారు.

తమరికి నేను సినిమాలంటే గిట్టని మనిషిలా కనిపిస్తున్నానేమో. కాదు. పోయినేడాది 'కోర్ట్' చూసి రెండు రోజులు దాని గురించే మాట్లాడుకున్నాం. ఆ మంగపతిని శివాజీ ఎంత బాగా చేశాడంటే, మా అత్తగారు వాడు తెర మీద కనబడ్డప్పుడల్లా మెటికలు విరిచారు. కేసు నడిచింది, తీర్పొచ్చింది, కుర్రాడు బయటికొచ్చాడు, మేమూ బయటికొచ్చాం. '35 చిన్న కథ కాదు'లో తిరుపతి పిల్లాడికి లెక్కల్లో ముప్పై అయిదు వస్తాయా రావా అన్నదే కథ. నాకైతే ఆ ముప్పై అయిదు మార్కుల్లో ఉన్న ఉత్కంఠ వంద కోట్ల యుద్ధాల్లో కనబడలేదు. 'లిటిల్ హార్ట్స్' మా అబ్బాయి కోసం వెళ్లాను, వాడికంటే నేనే ఎక్కువ నవ్వాను. వీటిలో ఎవరూ చివర కళ్లెర్ర చేసి మావైపు తిరగలేదు. చిన్న సినిమా వాళ్లకు కథ ముగించడం వచ్చు. మళ్లీ డబ్బు దొరుకుతుందో లేదో తెలియదు కాబట్టి కాబోలు.

ఇంట్లో ఉందామంటే ఇంట్లోనూ ఇదే. 'ఫ్యామిలీ మ్యాన్' వెబ్ సిరీస్ 2021 తర్వాత మళ్లీ 2025 నవంబరులో వచ్చింది. అంతకాలం ఆగి కూర్చుంటే శ్రీకాంత్ తివారీ గాయాలతో కూలిపోయిన దగ్గర ఆపేశారు. మా ఆయన రిమోటు సోఫాకేసి కొట్టారు. ఆమాత్రం దానికి ఏడు ఎపిసోడ్లు ఎందుకు తీసినట్టు?

ఈ లెక్కన మా అత్తగారి సీరియలే నయం. ఇన్నాళ్లూ ఆవిణ్ని వెక్కిరించాం, 'కార్తీక దీపం' పదిహేను వందల ఎపిసోడ్లు దాటింది, వంటలక్క కష్టాలు తీరవు అని. తీరాయి. ముగించారు. మళ్లీ ఇంకోటి మొదలెట్టారనుకోండి. కానీ సీరియల్ వాడు డాక్టర్ బాబు చెయ్యెత్తిన దగ్గర ఆపితే మర్నాడు అదే టైముకి ఆ చెయ్యి ఎక్కడ దిగిందో చూపిస్తాడు. ఆదివారం ఉండదని కూడా ముందే తెలుసు.

ఈ ఉత్తరం కూడా సరిగ్గా ఇక్కడ ఆపేసి మిగతాది మళ్లీ రాస్తానని చెబుదామనిపించింది. ఆ బుద్ధి మాకు లేదు. కనక అసలు మనవి చేసుకుంటాను.

మా అత్తగారికి ఎనభై దాటాయి. ఆ రోజు హాల్లోంచి బయటికొచ్చేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, "మరి పిల్లేదే?" అన్నారు. వచ్చే భాగంలో చెబుతారట అత్తయ్యగారూ అన్నాను. ఎప్పుడొస్తుందట అన్నారు. మా అబ్బాయి ఫోన్లో వెతికి, ఆ దర్శకుడు ముందు ఇంకో ఇద్దరు హీరోలకు మాటిచ్చాడు, వాళ్లవి అయ్యాకే ఇది అన్నాడు. ఆవిడ వేళ్ల మీద ఏవో లెక్కలు వేసుకున్నారు. "సరేలే, అప్పటికి ఉంటే చూద్దాం" అని ఆటో ఎక్కారు. మామూలుగానే అన్నారు, నాకే ఎలాగో అయింది. అప్పట్నుంచి రోజూ కాఫీ తాగేటప్పుడు అడుగుతున్నారు, పేపర్లో ఏమైనా రాశారా అని. నాలుగో ముద్ర సంగతి తర్వాత చూసుకోండి, జీవోలు ఎలాగైనా ఏడవనివ్వండి. ఆ దర్శకుణ్ని ఒక్కసారి పిలిపించి పిల్ల బతికుందో లేదో అడగండి. ఒక్క మాట. మేం ఎవరికీ చెప్పం, అభిమానులతో అసలే చెప్పం. కథ ఇంకా అనుకోలేదని ఆయనంటే, బతికుందని అనుకోమనండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
విధేయురాలు,
రాజమండ్రి ప్రేక్షకురాలు

తా.క.: హైదరాబాదులో తమ ప్రాంతీయ కార్యాలయం ఉందట. జవాబు పోస్టులో పంపడం ఇబ్బందైతే అక్కడ ఇచ్చి ఉంచండి. వచ్చే నెల మా ఆయన ఒక పెళ్లికి హైదరాబాదు వెళ్తున్నారు, వచ్చి తీసుకుంటారు.