విషానికి కాపలా

నా పుట్టిల్లు సముద్రం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. జపాన్ తీరంలో ఆ నీటిలో సున్నం కలిపితే తెల్లటి మడ్డిగా అడుగున పేరుకున్నాను. తీసి కొలిమిలో కాల్చారు. కిటుకంతా ఆ కాల్చడంలోనే ఉంది. 1500 డిగ్రీలు దాటించి మాడిస్తే నీళ్ళు పోసినా ఉలకను, ఉక్కు కొలిమికి ఇటుకగా పోవడమే. నన్ను వెయ్యి లోపే దించేశారు కాబట్టి చురుకు చావలేదు. ఇప్పుడు నా పేరు మెగ్నీషియం ఆక్సైడ్.

నా కొలువు జపాన్‌లోనే మూతపడిన ఒక ఫ్యాక్టరీ స్థలంలో. అక్కడి మట్టి నిండా సీసం, జింకు, ఫ్లోరైడ్. (ఫ్లోరైడ్ సంగతి నల్లగొండ వాళ్ళకు నేను చెప్పాలా!) పరీక్షలో ఆ మట్టి నుంచి నీటిలోకి దిగే సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 0.8 మిల్లీగ్రాములు దాటకూడదని అక్కడి చట్టం. పొక్లెయిన్‌తో మట్టిని తిరగేస్తూ నన్ను కలిపి, నీళ్ళు చల్లారు.

ఈ పని సున్నం చేయలేదా? చేస్తుంది, కాస్త అతి చేస్తుంది. దాని క్షార తీవ్రత పీహెచ్ 12 దాటుతుంది, అక్కడ సీసం మళ్ళీ నీటిలో కరుగుతుంది. నేను పదిన్నర దగ్గరే ఆగుతాను, సీసం, జింకు బాగా గడ్డకట్టేది ఆ చుట్టుపక్కలే. సముద్రంలోంచి నన్ను పైకి తీసిన సున్నాన్నే తప్పుపడుతున్నానంటారా, ఉన్నమాటే కదా!

నీళ్ళు తగలగానే హైడ్రాక్సైడ్‌నయ్యాను. నాలోని హైడ్రాక్సిల్ కుర్చీల్లో కొన్నింటిని ఫ్లోరైడ్ ఆక్రమించింది. అసలు మార్పు ఆ తర్వాత నింపాదిగా మొదలైంది. నా క్షారానికి ఇసుక రేణువుల అంచుల నుంచి సిలికా కొద్దికొద్దిగా కరిగి నన్ను చేరింది. సిలికా పొర, నడుమ నేను, పైన మళ్ళీ సిలికా పొర. మూడూ కలిపి మందం ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతుల్లో ఒకటి. పూతరేకుల్లా ఒకదానిపై ఒకటి, కాకపోతే మడతలు అంత పొందికగా లేవు. శాస్త్రవేత్తలు నన్ను సాపోనైట్, స్టీవెన్‌సైట్ వంటి బంకమట్టి ఖనిజాల బంధువునంటారు. జింకు దాదాపు నా కొలతే, అందుకని నా చోటులోనే వచ్చి కూర్చుంటుంది. సీసం భారీ ఆకారం, లోపల పట్టదు. అంచుల్లో, రేకుల మధ్య సర్దుకుంటుంది. అలాంటిదాని మీద నా పట్టు అంత గట్టిది కాదు.

శుద్ధి చేశామని బోర్డు పెడితే నాకు నచ్చదు. విషం ఎక్కడికీ పోలేదు, నా దగ్గరే ఉంది. ఆమ్లం చేరితే నేను కరుగుతాను, పట్టుకున్నదాన్ని వదిలేస్తాను. అందుకే జపాన్‌లో ఇలా కట్టడి చేసిన స్థలం పేరు అధికారుల రికార్డుల్లో అలాగే ఉంచుతారు. అక్కడ తవ్వాలంటే ముందుగా వాళ్ళకు తెలియజేయాలి.